"దేవుడే చూసుకుంటాడు" అన్న తర్వాత ఏం చేయాలి?

అన్యాయం జరిగిన ఇంట్లో "దేవుడే చూసుకుంటాడు" అనే మాట రెండు రకాలుగా వినిపిస్తుంది. ఒకరు అలసిపోయి అంటారు. ఇక అడిగే ఓపిక లేదు, ఎవరికి చెప్పుకున్నా లాభం లేదు, ఈ సంగతి ఇక్కడితో వదిలేద్దాం అని దాని అర్థం. ఇంకొకరు అదే మాటను కోర్టులో కేసు వేసి ఇంటికొచ్చిన మనిషిలా అంటారు. చెప్పాల్సింది చెప్పాను, కాగితాలన్నీ ఇచ్చాను, విచారణ జరిగి తీరుతుంది, అప్పటిదాకా నా బతుకు నేను బతుకుతాను అని. పైకి మాట ఒకటే. మొదటివారు తమ బాధను పాతిపెడుతున్నారు, రెండోవారు దాన్ని ఒకరి చేతికి అప్పగిస్తున్నారు.

బైబిలులో కష్టకాలపు ప్రార్థనలను నిదానంగా చదివితే అవి దాదాపు అన్నీ రెండో రకానివే అని తెలుస్తుంది. 150 కీర్తనల్లో సుమారు మూడో వంతు మొరలే. శత్రువులు, అబద్ధ సాక్షులు, నమ్మించి మోసం చేసిన స్నేహితులు, జబ్బు, ఒంటరితనం, అన్నీ అందులో ఉంటాయి. నమ్మకం అంటే నోరు మూసుకుని భరించడం అనుకునేవారికి ఈ పాటలు ఇబ్బందిగానే అనిపిస్తాయి. 13వ కీర్తన ఆరు వచనాల చిన్న పాట. అందులో మొదటి రెండు వచనాల్లోనే "ఎంతకాలం" అనే ప్రశ్న నాలుగుసార్లు వస్తుంది. అడుగుతున్నది పక్కింటివాళ్ళనో రాజునో కాదు, నేరుగా దేవుణ్ణే. నన్ను మరచిపోయావా అని అడగడానికి కూడా ఆ కవి వెనకాడలేదు. వినేవాడు ఉన్నాడన్న నమ్మకం లేకపోతే ఎవరూ అలా నిలదీయరు.

తీర్పు అనే మాట దగ్గర కొంచెం ఆగాలి. మన మాటల్లో "దేవుడు నీకు తీర్పు తీరుస్తాడు" అంటే అది శాపం కిందే లెక్క. కీర్తనల్లో మాత్రం బాధపడుతున్నవాడే "నాకు తీర్పు తీర్చు" అని బతిమాలుకుంటాడు. 7, 26, 35, 43 కీర్తనల్లో ఈ విన్నపం కనిపిస్తుంది. హెబ్రీ భాషలో ఆ క్రియ 'షాఫత్'. దాని అర్థం నేరం తేల్చి శిక్ష వేయడంతో ఆగిపోదు. తారుమారైన పరిస్థితిని సరిచేయడం, అణగదొక్కబడినవాణ్ణి లేపి నిలబెట్టడం కూడా అందులో ఉంది. న్యాయాధిపతులు అనే గ్రంథం పేరు ఈ క్రియ నుంచి వచ్చిందే. ఆ పేరు చూసి లోపల కోర్టు కథలు ఉంటాయనుకుంటే పొరపాటు. ఒత్నీయేలు, ఏహూదు, గిద్యోను చేసిన పని ప్రజలను పీడించేవాళ్ళ చేతుల నుంచి విడిపించడం. ఖర్జూరపు చెట్టు కింద కూర్చుంటే జనం తగవులు తీర్చుకోవడానికి వచ్చేవారని ఆ గ్రంథం చెప్పింది దెబోరా గురించే. అంటే ఆ భాషలో న్యాయం చేసేవాడు, విడిపించేవాడు వేర్వేరు మనుషులు కారు. బలం, డబ్బు, పలుకుబడి ఏమీ లేని మనిషి తీర్పును చూసి భయపడకుండా ఎందుకు ఎదురుచూస్తాడో ఇప్పుడు అర్థమవుతుంది. అతను బయటపడే దారి అదొక్కటే.

విడుదల అనే మాట కూడా అంతే లోతైనది. హెబ్రీలో కష్టానికి వాడే ఒక మాటకు అసలు అర్థం ఇరుకు. తెలుగులోనూ "ఇరుకున పడ్డాను", "ఇరకాటంలో ఉన్నాను" అంటాం కదా, అచ్చం అదే. నాలుగో కీర్తన మొదటి వచనాన్ని తెలుగు బైబిలు "ఇరుకులో నాకు విశాలత కలుగజేసినవాడవు నీవే" అని తెచ్చింది. 118వ కీర్తనలోనూ ఇరుకులో నుంచి మొరపెడితే విశాల స్థలంలో జవాబు వచ్చిందని ఉంటుంది. టెన్షన్‌లో ఉన్న మనిషికి ఛాతీ బిగుసుకుపోతుంది, గదిలో గాలి చాలనట్టుంటుంది. విడుదల అంటే ముందుగా కాస్త చోటు దొరకడం, ఊపిరి ఆడడం. శత్రువు కూలిపోవడం అందులో ఉండొచ్చు, లేకపోవచ్చు. ఈ తేడా గుర్తుంచుకుంటే, అడిగిన రూపంలో జవాబు రానప్పుడు కూడా వచ్చిన జవాబును గుర్తుపట్టగలుగుతాం.

ముందు తన లెక్క

కూషు అనే బెన్యామీనీయుడి మాటల గురించి దావీదు పాడినదని ఏడో కీర్తన శీర్షిక చెబుతుంది. ఆ కూషు ఎవరో, ఏమన్నాడో మరెక్కడా లేదు. పాటను బట్టి చూస్తే, నమ్మినవాడికి ద్రోహం చేశాడన్నట్టు దావీదు మీద నింద పడింది. అలాంటప్పుడు ఎవరైనా ముందు తిట్టేది ఎదుటివాణ్ణే. దావీదు ముందుగా తన మీద తానే ఒట్టు పెట్టుకున్నాడు. నేను ఈ పని చేసి ఉంటే, నాతో సమాధానంగా ఉన్నవాడికి కీడు చేసి ఉంటే, శత్రువు నన్ను తరిమి పట్టుకుని నేలకేసి తొక్కనీ అన్నాడు. ఆ తర్వాతే తీర్పు అడిగాడు.

ఇది చిన్న విషయం కాదు. దేవుడి న్యాయం కావాలని అడగడమంటే ఆ వెలుతురు ముందు తన మీదే పడటానికి ఒప్పుకోవడం. తప్పు లేకుండానే అన్నీ పోగొట్టుకున్న యోబు కూడా ఇదే దారిలో వెళ్ళాడు. యోబు గ్రంథం 31వ అధ్యాయంలో తన జీవితంలో ఒక్కో భాగాన్నీ తెరిచి చూపించాడు. పనివాళ్ళు తనతో వ్యాజ్యం వేస్తే వాళ్ళ మాట తోసిపుచ్చానా, పేదవాడికి పెట్టకుండా ఒంటరిగా తిన్నానా, బంగారాన్ని నమ్ముకున్నానా, శత్రువు పడిపోతే సంతోషించానా అని వరసగా ప్రశ్నించుకున్నాడు. చివరికి, ఇదిగో నా సంతకం, ఇక దేవుడే జవాబివ్వాలి అన్నాడు. పక్కాగా కోర్టు భాష అది.

అయితే ఏడో కీర్తనలో "నా నీతిని బట్టి" అన్నవాడు తనలో ఏ పాపమూ లేదని అనడం లేదు. ఈ ఒక్క విషయంలో నా మీద వేసిన నింద అబద్ధం అంటున్నాడు. 143వ కీర్తనలో అదే దావీదు పేరు మీద, నీ సేవకుడితో వ్యాజ్యెమాడకు, బతికున్నవాడెవడూ నీ ఎదుట నీతిమంతుడు కాడు అనే మాట ఉంది. రెండూ నిజమే. ఒక కేసులో నిర్దోషి అయినవాడు ఇంకో కేసులో దోషి కావచ్చు. దావీదు విషయంలో అదే జరిగింది. ఏళ్ళ తరబడి అన్యాయంగా తరమబడిన మనిషి రాజయ్యాక తన సైనికుడైన ఊరియాను చంపించి అతని భార్యను తీసుకున్నాడు. అప్పుడు నాతాను ప్రవక్త వచ్చి "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు. బాధితుడిగా ఉన్న రోజుల్లో ఏ న్యాయాన్ని ఆశ్రయించాడో అదే న్యాయం ఇప్పుడు అతని తలుపు తట్టింది. తనను బాధపెట్టినవాళ్ళ మీదికే న్యాయం రావాలి, తన వైపు తిరగకూడదు అనుకునే నమ్మకం ఈ గ్రంథంలో నిలబడదు. ప్రభువు దినం, అంటే దేవుడు తీర్పు తీర్చే రోజు, కోసం ఆశపడినవాళ్ళకు ఆమోసు ప్రవక్త, అది మీకు వెలుగు కాదు చీకటి అని హెచ్చరించింది అందుకే.

కత్తి చేతిలో ఉన్నప్పుడు

దేవుడికి అప్పగించడం ఎలా ఉంటుందో సూత్రాలు చదివి తెలుసుకోవడం కష్టం. రాజైన సౌలు నుంచి దావీదు పారిపోయిన ఏళ్ళను చూస్తే బాగా తెలుస్తుంది. మొదటి సమూయేలు 19 నుంచి 27 అధ్యాయాల దాకా ఆ కథ ఉంది. కీర్తనల్లో 52, 54, 57, 59, 142 లాంటివాటి శీర్షికలు ఆ రోజులవైపే చూపిస్తాయి.

అది అందంగా సాగిన కథేమీ కాదు. నోబు అనే ఊళ్ళో యాజకుడు అహీమెలెకు ఆకలితో వచ్చిన దావీదుకు రొట్టె ఇచ్చాడు. అక్కడే ఉన్న ఎదోమీయుడైన దోయేగు ఆ సంగతి సౌలుకు చేరవేశాడు. సౌలు ఆజ్ఞ మీద ఆ దోయేగే ఒక్కరోజులో 85 మంది యాజకులను చంపాడు. ఊళ్ళో ఆడవాళ్ళను, పిల్లలను కూడా వదల్లేదు. తప్పించుకుని వచ్చిన అబ్యాతారుతో దావీదు, నీ తండ్రి ఇంటివాళ్ళందరి చావుకు నేనే కారణమయ్యాను అన్నాడు. దోయేగును కారణంగా చూపించి ఊరుకోవడం అతనికి తేలికే. అలా చేయకుండా తన వంతు తప్పు ఒప్పుకుని, నా దగ్గర ఉండు, నీకు భయం లేదు అన్నాడు. ఆ 85 మందికి న్యాయం ఎప్పుడు జరిగిందో ఆ కథ చెప్పదు. చదివేవాళ్ళను ఆ బరువు ఇప్పటికీ వదలదు, వదలకూడదు కూడా.

తర్వాత కెయీలా. ఫిలిష్తీయులు ఆ ఊరి కళ్ళాలను దోచుకుంటుంటే దావీదు వెళ్ళి రక్షించాడు. సౌలు వస్తే ఈ ఊరివాళ్ళు నన్ను పట్టిస్తారా అని దేవుణ్ణి అడిగితే, పట్టిస్తారు అని జవాబు వచ్చింది. మేలు చేసిన చోటే ద్రోహం ఎదురైంది. మనుషుల కృతజ్ఞత మీద నిలబడే న్యాయం ఎంతసేపు ఉంటుందో ఆ ఒక్క సంఘటన చాలు చెప్పడానికి. దావీదు కెయీలా మీద పగ పెట్టుకోలేదు. తన 600 మందితో లేచి వెళ్ళిపోయాడు.

అసలు పరీక్ష ఏన్గెదీ గుహలో వచ్చింది. 3000 మందితో వెతుకుతూ వచ్చిన సౌలు, దావీదు మనుషులు లోపల దాక్కున్న గుహలోకే ఒంటరిగా వచ్చాడు. పక్కనున్నవాళ్ళు, దేవుడు చెప్పిన రోజు ఇదే అన్నారు. అవకాశం కళ్ళముందుంది, దానికి దేవుడి పేరు మీద సమర్థన కూడా సిద్ధంగా ఉంది. దావీదు సౌలు వస్త్రపు అంచు మాత్రం కోశాడు. అది కోసినందుకే మనసు గుచ్చుకుంది. ఆ తర్వాత గుహ బయటికొచ్చి దూరం నుంచి సౌలును పిలిచి, ఆ గుడ్డముక్క చూపించి, నాకూ నీకూ మధ్య యెహోవా న్యాయం తీర్చాలి, ఆయన నా తరఫున పగ తీర్చవచ్చు గానీ నా చెయ్యి నీ మీద పడదు అన్నాడు.

ఈ సంఘటనలో దావీదు ఏది వదిలాడో, ఏది వదల్లేదో చూడాలి. పగ తీర్చుకునే పని వదిలాడు. నిజం చెప్పే పని వదల్లేదు. రాజు ఎదుట, అతని సైన్యం వినేలా, నువ్వు చేస్తున్నది తప్పు అని సాక్ష్యంతో సహా చెప్పాడు. సౌలు ఏడ్చి, నువ్వు నాకంటే నీతిమంతుడివి అన్నా కూడా దావీదు అతని వెంట ఇంటికి వెళ్ళలేదు, తన కొండ స్థలానికే తిరిగి వెళ్ళాడు. క్షమించడం వేరు, మళ్ళీ ఆ మనిషి చేతికి చిక్కడం వేరు అని అతనికి తెలుసు. ఈ మూడో సంగతిని బోధల్లో చాలాసార్లు దాటేస్తారు. దాటేయకూడదు. హింసించే మనిషి దగ్గరికి తిరిగి వెళ్ళడమే విశ్వాసమని చెప్పడానికి ఈ కథలో ఆధారం లేదు.

అలాంటి దావీదు కూడా మరుసటి అధ్యాయంలోనే తూలిపోయాడు. నాబాలు అనే ధనికుడు అవమానించాడని 400 మందితో కత్తి కట్టుకుని బయల్దేరాడు. తెల్లారేసరికి ఆ ఇంట్లో ఒక్క మగవాణ్ణీ మిగల్చనని ఒట్టు పెట్టుకున్నాడు. సౌలు లాంటి పెద్ద శత్రువు దగ్గర నిలిచిన ఓర్పు ఒక మొరటు మనిషి మాట దగ్గర నిలవలేదు. ఇది మనందరికీ తెలిసిన బలహీనతే. పెద్ద దెబ్బకు తట్టుకున్న మనిషి చిన్న మాటకు పగిలిపోతాడు. నాబాలు భార్య అబీగయీలు దారిలో ఎదురొచ్చి, రేపు నువ్వు రాజయ్యాక, అనవసరంగా రక్తం చిందించాననే బాధ నీ గుండెలో మిగలకూడదు అని నచ్చజెప్పింది. ఆ రోజు దేవుడు అతణ్ణి శత్రువు నుంచి కాపాడలేదు, అతని నుంచి అతణ్ణే కాపాడాడు. విడుదలల్లో ఇలాంటివి బయటికి కనిపించవు. కోపంలో పంపబోయి ఆపేసిన ఉత్తరం, చెయ్యెత్తబోతే పట్టుకున్న స్నేహితుడు, ఇవి సాక్ష్యం చెప్పడానికి ఎవరికీ గుర్తుండవు.

మాయోను అరణ్యంలో జరిగినది మాత్రం మర్చిపోలేని దృశ్యం. కొండకు ఒకవైపు సౌలు సేన, ఇంకోవైపు దావీదు మనుషులు. చుట్టుముట్టడం పూర్తి కావస్తోంది. సరిగ్గా అప్పుడే ఒక వార్తాహరుడు వచ్చి, ఫిలిష్తీయులు దేశం మీద పడ్డారు, త్వరగా రా అని సౌలుకు కబురు చెప్పాడు. సౌలు వెనక్కి తిరిగాడు. ఆకాశం నుంచి నిప్పు దిగలేదు. ఎక్కడో జరిగిన దాడి, ఒక కబురు, అంతే. నమ్మినవాళ్ళకు అది దేవుడి చెయ్యి. పక్కనుంచి చూసేవాళ్ళకు యాదృచ్ఛికం. గ్రంథకర్త అక్కడ వాదన పెట్టుకోడు, ఆ చోటికి ఆ సంఘటన వల్లే పేరు వచ్చిందని చెప్పి ముందుకెళ్తాడు.

ఇన్ని చూసిన దావీదు 27వ అధ్యాయంలో, ఏదో ఒక రోజు నేను సౌలు చేతిలో చస్తాను అనుకుని ఫిలిష్తీయుల రాజు అకీషు దగ్గరికి వెళ్ళిపోయి, ఏడాది నాలుగు నెలలు వాళ్ళ దేశంలో ఉన్నాడు. అక్కడ ఉన్నంతకాలం అబద్ధాలు చెబుతూ గడిపాడు. నమ్మకం ఒకసారి కుదిరితే ఇక కదలదు అనుకునేవాళ్ళు ఈ అధ్యాయం చదవాలి. నమ్మకం అలసిపోతుంది కూడా. అలసిపోయిన రోజుల్లో దేవుడు అతణ్ణి వదిలేసినట్టు కథ చెప్పదు.

జవాబు రానప్పుడు

బాధలో ఉన్నవారిని ఎక్కువగా గాయపరిచేది కొన్నిసార్లు శత్రువులు కాదు, ఓదార్చడానికి వచ్చినవాళ్ళు. యోబు ముగ్గురు స్నేహితులు ఎలీఫజు, బిల్దదు, జోఫరు ఏడు రోజులు మాట్లాడకుండా నేల మీద కూర్చున్నారు. అంతవరకూ బాగానే ఉంది. నోరు తెరిచాక మాత్రం ఒకటే పాట. దేవుడు న్యాయవంతుడు, నీకు ఇంత కష్టం వచ్చిందంటే నువ్వేదో చేసే ఉంటావు అని. వాళ్ళు దేవుడి తరఫున వాదిస్తున్నామనుకున్నారు. 42వ అధ్యాయంలో దేవుడు ఎలీఫజుతో, నా సేవకుడైన యోబు మాట్లాడినట్టు మీరు నా గురించి సరిగ్గా మాట్లాడలేదు అన్నాడు. దేవుణ్ణి నిలదీసిన యోబు సరిగ్గా మాట్లాడినట్టూ, దేవుణ్ణి సమర్థించినవాళ్ళు తప్పుగా మాట్లాడినట్టూ తేలింది. దేవుడి న్యాయాన్ని నమ్మడం వేరు, పక్కవాడి కష్టానికి కారణం తెలుసనుకోవడం వేరు. జబ్బుపడిన మంచం దగ్గర, కొలువు పోయిన ఇంట్లో, బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఎదుట ఈ తేడా మరిచిపోతే మన మాట ఓదార్పు కాదు, ఇంకో దెబ్బ.

శత్రువుల మీద నిప్పులు కురిపించే కీర్తనల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 109, 137 లాంటివి పైకి చదవడానికే జంకుతారు. 137వ కీర్తన చివరి మాటలు నిజంగా భయంకరమైనవి, వాటిని మెత్తబరచి చెప్పడం నిజాయితీ కాదు. కానీ ఆ కోపాన్ని వాళ్ళు ఎక్కడ పెట్టారన్నది ముఖ్యం. దేవుడి ముందు పెట్టారు. పగ తీర్చుట నా పని అని దేవుడు అన్న మాటను ద్వితీయోపదేశకాండం నుంచి తీసుకుని పౌలు రోమీయులకు రాసిన పత్రికలో గుర్తుచేశాడు. కోపాన్ని దాచిపెట్టి కుళ్ళిపోనివ్వడం కంటే, ఎదుటివాడి మీద విసరడం కంటే, దాన్ని న్యాయాధిపతి బల్ల మీద ఉన్నదున్నట్టు పెట్టేయడం మేలు. ఆయన దానిలో ఏది తీసుకోవాలో ఏది తోసేయాలో చూసుకుంటాడు.

ఎదురుచూడటానికి తెలుగు బైబిలు వాడిన మాట "కనిపెట్టుకొని యుండుట". మంచి మాట అది. జ్వరంతో పడుకున్న మనిషిని రాత్రంతా కనిపెట్టుకుని ఉంటాం. చేతులు ముడుచుకుని కూర్చోవడం కాదు అది. ఊపిరి వింటూ, నుదురు తాకి చూస్తూ, ఏ చిన్న మార్పు వచ్చినా గమనిస్తూ ఉండటం. 130వ కీర్తన దాన్ని కావలివారితో పోల్చింది, వాళ్ళు తెల్లవారడం కోసం చూసినట్టు. కావలివాడు సూర్యుణ్ణి తొందరపెట్టలేడు. కానీ నిద్రపోడు. యోసేపును అన్నలు అమ్మేసినప్పుడు అతనికి 17 ఏళ్ళు, ఐగుప్తు రాజు ఫరో ఎదుట నిలబడినప్పుడు 30. చెరసాలలో అతను మేలు చేసిన పానదాయకుడు, అంటే రాజుకు పానపాత్ర అందించేవాడు, బయటికెళ్ళి రెండు నిండు సంవత్సరాలు అతణ్ణి మరిచిపోయాడు. ఆ రెండేళ్ళలో ఏం జరిగిందో ఆదికాండం ఒక్క మాట కూడా చెప్పదు. కానీ అనుభవించినవాడికి అది 700కు పైగా రోజులు, ఒక్కో రోజూ తెల్లవారి చీకటిపడింది.

ఇక అందరూ అడగడానికి వెనకాడే ప్రశ్న. ఎదురుచూసినా విడుదల రాకపోతే? బైబిలు ఈ ప్రశ్నను దాచలేదు. అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయంలో హేరోదు యోహాను సహోదరుడైన యాకోబును కత్తితో చంపించాడు. అదే అధ్యాయంలో పేతురును ఇద్దరు సైనికుల మధ్య నుంచి దేవదూత తప్పించాడు. యాకోబుకు విశ్వాసం తక్కువైందని ఆ గ్రంథం రాసిన లూకా రాయలేదు. కారణమే రాయలేదు. హెబ్రీయులకు రాసిన పత్రిక 11వ అధ్యాయం సింహాల నోళ్ళు మూయించినవాళ్ళనూ, రంపాలతో కోయబడినవాళ్ళనూ ఒకే వరసలో, ఒకే విశ్వాసం కిందే లెక్కపెట్టింది. షద్రకు, మేషాకు, అబేద్నెగో అగ్నిగుండం ముందు బబులోను రాజుతో, మా దేవుడు మమ్మల్ని రక్షించగలడు, ఒకవేళ రక్షించకపోయినా నీ ప్రతిమకు మొక్కం అన్నారు. వాళ్ళ నమ్మకం ఫలితం మీద ఆనుకోలేదు.

యేసు సిలువ మీద 22వ కీర్తన మొదటి మాటలతో, నన్నెందుకు విడిచిపెట్టావు అని అరిచాడు. ఆ క్షణాన ఎవరూ వచ్చి దించలేదు. ఆయన శ్రమపడేటప్పుడు బెదిరించకుండా, న్యాయంగా తీర్పు తీర్చేవాడికి తనను తాను అప్పగించుకున్నాడని పేతురు తర్వాత రాశాడు. మూడో రోజు వచ్చిన జవాబును క్రైస్తవ విశ్వాసం దేవుడి తీర్పుగానే చూస్తుంది. మనుషుల కోర్టు దోషి అని తేల్చినవాణ్ణి పై కోర్టు నిర్దోషి అని లేపింది. ఈ లోకంలో తీరని కేసులు ఉంటాయని, అయినా అవి మూసేసిన ఫైళ్ళు కావని క్రైస్తవులు నమ్మడానికి ఆధారం అక్కడుంది. ప్రకటన గ్రంథంలో చంపబడినవారి ఆత్మలు కూడా ఇంకా "ఎందాక" అని అడుగుతూనే ఉన్నాయి. పరలోకంలో కూడా ఆ ప్రశ్నను ఎవరూ అడ్డుకోలేదు. వాళ్ళకు తెల్లని వస్త్రాలు ఇచ్చి, ఇంకా కొంచెం ఆగమన్నారు.

నమ్మినవాడు పోలీసుల దగ్గరికి వెళ్ళొచ్చా?

ఈ ప్రశ్న నిజంగా అడిగేవాళ్ళున్నారు. ఇంట్లో కొట్టే భర్త గురించి, కబ్జా అయిన స్థలం గురించి, ఎగ్గొట్టిన జీతం గురించి ఫిర్యాదు చేస్తే విశ్వాసం లేనట్టేనా అని. కొందరు పెద్దలు అలాగే చెప్పి పంపిస్తారు. అది తప్పు బోధ, దానివల్ల ప్రాణాలు కూడా పోతాయి.

పౌలు ఏం చేశాడో చూస్తే చాలు. ఫిలిప్పీలో విచారణ లేకుండా కొట్టి జైల్లో వేశారు. రాత్రి పాటలు పాడాడు, భూకంపం వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి. తెల్లవారాక అధికారులు చప్పుడు లేకుండా వెళ్ళిపొమ్మంటే ఒప్పుకోలేదు. రోమా పౌరులమైన మమ్మల్ని బహిరంగంగా కొట్టించి ఇప్పుడు రహస్యంగా పంపుతారా, వాళ్ళే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకెళ్ళాలి అన్నాడు. వాళ్ళు వచ్చారు.

యెరూషలేములో ఇంకా స్పష్టంగా జరిగింది. ఒక రాత్రి ప్రభువు పౌలు పక్కన నిలబడి, ధైర్యంగా ఉండు, రోమాలో కూడా నువ్వు సాక్ష్యమివ్వాలి అన్నాడు. అంతకంటే గట్టి హామీ ఏముంటుంది? మర్నాడు 40 మందికి పైగా మనుషులు అతణ్ణి చంపేదాకా అన్నపానాలు ముట్టమని ఒట్టు పెట్టుకున్నారు. అతని మేనల్లుడు ఆ కుట్ర విని వచ్చి చెప్పాడు. దేవుడు మాట ఇచ్చాడు కదా అని పౌలు ఊరుకోలేదు. శతాధిపతిని పిలిచి, ఈ అబ్బాయిని పై అధికారి దగ్గరికి తీసుకెళ్ళు అన్నాడు. ఆ రాత్రే 200 మంది సైనికులు, 70 మంది గుర్రపురౌతులు, 200 మంది ఈటెలవాళ్ళు కాపలాగా అతణ్ణి కైసరయకు బయల్దేరదీశారు. తర్వాత అక్కడ న్యాయం దొరికేలా లేదని తెలిశాక, రోమా చక్రవర్తి కైసరు ఎదుటే చెప్పుకుంటాను అని అప్పీలు చేశాడు. దేవుడి హామీ అతణ్ణి ఖాళీగా కూర్చోబెట్టలేదు, భయం లేకుండా పని చేయించింది.

విధవరాలికి, తండ్రిలేనివాడికి న్యాయం తీర్చండని ధర్మశాస్త్రమూ ప్రవక్తలూ ఆజ్ఞాపించింది దేవదూతలకు కాదు, మనుషులకే. కాబట్టి బాధలో ఉన్నవాడి వైపు నుంచి నమ్మకం అంటే మొరపెట్టడం, నిజం చెప్పడం, పగను చేతిలోంచి విడవడం, కనిపెట్టుకుని ఉండటం. పక్కనున్నవాడి వైపు నుంచి అది ఎలా ఉంటుందో యిర్మీయా గ్రంథం 38వ అధ్యాయంలో ఉంది.

యెరూషలేమును బబులోను సైన్యం ముట్టడించిన రోజులు. ఊళ్ళో రొట్టె అయిపోవస్తోంది. లొంగిపోతే బతుకుతారని దేవుడి మాట చెప్పినందుకు అధిపతులు యిర్మీయాను తాళ్ళతో ఒక గోతిలోకి దించారు. నీళ్ళు లేవు, బురద ఉంది, అతను ఆ బురదలో దిగబడ్డాడు. రాజు సిద్కియాకు అడ్డుచెప్పే ధైర్యం లేదు. రాజు ఇంట్లో పనిచేసే ఎబెద్మెలెకు అనే కూషీయుడు, యూదా దేశం వాడు కూడా కాదు, ఆ సంగతి విన్నాడు. బెన్యామీను ద్వారం దగ్గర కూర్చున్న రాజు దగ్గరికి వెళ్ళి, ఈ మనుషులు చేసింది అన్యాయం, అతను అక్కడే ఆకలితో చచ్చిపోతాడు అని అందరిలో చెప్పాడు. రాజు 30 మందిని తీసుకెళ్ళి పైకి తీయమన్నాడు. ఎబెద్మెలెకు ముందు ఖజానా కింది గదికి వెళ్ళి చిరిగిన పాత గుడ్డలు ఏరుకున్నాడు. తాళ్ళతో పాటు వాటినీ గోతిలోకి దించి, ఇవి చంకల కింద పెట్టుకో, తాడు ఒరుసుకోకుండా ఉంటుంది అన్నాడు. యిర్మీయా అలాగే చేశాడు. పైకి లాగారు. ఆ తర్వాత కూడా అతనికి పూర్తి స్వేచ్ఛ రాలేదు, పట్టణం పడిపోయేదాకా కారాగృహపు ఆవరణలోనే ఉన్నాడు. బురద నుంచి మాత్రం బయటపడ్డాడు.

ఆ ఆవరణలో ఉండగానే యిర్మీయాకు ఒక మాట వచ్చింది, ఎబెద్మెలెకుకు చెప్పమని. పట్టణం కూలే రోజున నువ్వు భయపడుతున్న మనుషుల చేతికి నిన్ను అప్పగించను, నువ్వు నన్ను నమ్ముకున్నావు గనక నీ ప్రాణం నీకు దక్కుతుంది అని. ఎబెద్మెలెకు చేసిన ప్రార్థన ఏదీ ఆ గ్రంథంలో లేదు. రాజు ముందు అన్న ఆ మాట, ఆ తాళ్ళు, ఆ పాత గుడ్డలు ఉన్నాయి.